వాల్వులు లేని ఇంజిన్‌కు మానిఫోల్డే దిక్కు

పాత మజ్దా ఆర్‌ఎక్స్-7 నుంచి విప్పిన ఆరు పోర్టుల (గాలి రంధ్రాల) 13బి రోటరీ ఇంజిన్ మానిఫోల్డ్‌ను, అంటే ఇంజిన్‌కు గాలి చేర్చే గొట్టాల కూర్పును, మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఒకటే సందేహం వచ్చింది. ఇంజిన్‌లో పిస్టన్లకు బదులు తిరిగే రోటర్లు ఉన్నవి రెండే. మరి ఇంజిన్‌కు ఆనుకునే వైపు ఆరు రంధ్రాలు ఎందుకు? పైగా అవి ఒక్క సైజులో కూడా లేవు. నడుమ ఉన్న రెండూ చిన్నవి. రెండు చివర్లలో జతగా ఉన్నవాటిలో ఒక్కొక్కటి గుండ్రంగా ఉంది. ఆ గుండ్రటి రంధ్రంలోకి దిగే సన్నని లోహపు గొట్టం విడిగా చేతిలోకి వచ్చింది. దాని పక్కన చిన్న కిటికీ కోసి ఉంది. గొట్టాన్ని వేళ్లతో తిప్పితే కిటికీ ఒకసారి పోర్ట్‌కు ఎదురుగా వస్తుంది, ఇంకాస్త తిప్పితే పక్కకు పోతుంది. అంతే, ఇంకే యంత్రాంగమూ లేదు.

ఈ చిన్న గొట్టం ఏం చేస్తుందో అర్థమైతే రోటరీ ఇంజిన్‌లో మానిఫోల్డ్‌కు అంత విలువ ఎందుకో అర్థమైనట్టే. ఇంజిన్ ఊపిరి తీసే పద్ధతి నుంచి మొదలుపెడితే అక్కడికి తేలిగ్గా చేరుకోవచ్చు.

రోటరీ ఊపిరి తీరు

మామూలు పిస్టన్ ఇంజిన్‌లో గాలి లోపలికి రావాలంటే వాల్వు తెరుచుకోవాలి. వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎప్పుడు మూసుకోవాలి, ఎంత ఎత్తు లేవాలి అనేవన్నీ క్యామ్‌షాఫ్ట్ మీద ఉండే గుడ్డు ఆకారపు దిమ్మలు నిర్ణయిస్తాయి. ఇంజిన్ స్వభావం మారాలంటే క్యామ్ మారిస్తే చాలు. ఇప్పటి కార్లలో ఆ టైమింగ్ నడుస్తుండగానే మారుతుంది కూడా.

ఫెలిక్స్ వాంకెల్ పేరు మీద వచ్చిన రోటరీ ఇంజిన్‌లో వాల్వూ లేదు, క్యామూ లేదు. మూడు మూలల రోటర్, నడుము కాస్త నొక్కినట్టుండే హౌసింగ్‌లో తిరుగుతూ పోతుంది. గోడలో పోర్ట్ అనే రంధ్రం ఉంటుంది. రోటర్ దాని మీద నుంచి జరిగినప్పుడు అది తెరుచుకుంటుంది, మళ్లీ కప్పినప్పుడు మూసుకుంటుంది. అంటే టైమింగ్ మొత్తం ఇనుములో కోసిన రంధ్రం ఆకారంలోనే ఉంది. హౌసింగ్ విప్పి గ్రైండర్ పట్టుకుంటే తప్ప అది మారదు.

ఇక్కడ రోటరీకి కలిసొచ్చే విషయం ఒకటుంది. రోటర్ ఒక చుట్టు తిరిగేలోగా, ఇంజిన్ శక్తిని బయటికిచ్చే ఎక్సెంట్రిక్ షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. అందువల్ల రోటర్‌కూ గోడకూ మధ్య ఏర్పడే ఒక్కో గది గాలి పీల్చుకునే దశ షాఫ్ట్ కొలతలో 270 డిగ్రీలు సాగుతుంది. పిస్టన్‌కైతే అది 180 డిగ్రీలే. 8000 ఆర్పీఎం (నిమిషానికి 8000 చుట్లు) దగ్గర లెక్క వేస్తే పిస్టన్‌కు 3.75 మిల్లీసెకన్లు, రోటరీకి 5.6 మిల్లీసెకన్లు. ఒకటిన్నర రెట్లు టైమ్. పైగా దారికి అడ్డంగా వాల్వు తల ఉండదు. రోటరీలు ఎక్కువ ఆర్పీఎంలో అంత హాయిగా లాగడానికి ఇదొక పెద్ద కారణం.

పీల్చే గాలి కూడా తక్కువేమీ కాదు. 13బిలో ఒక్కో రోటర్ గది 654 సీసీ, రెండూ కలిపి 1308 సీసీ. షాఫ్ట్ తిరిగే ప్రతి చుట్టుకూ ఒక్కో రోటర్ ఒక గదిని నింపుకుంటుంది. అంటే 8000 ఆర్పీఎంలో గదులు పూర్తిగా నిండితే నిమిషానికి 10 వేల లీటర్ల పైచిలుకు గాలి మానిఫోల్డ్ గుండా పోవాలి. ఫోర్‌స్ట్రోక్ పిస్టన్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారే పీలుస్తుంది కాబట్టి, అదే ఆర్పీఎంలో అంత గాలి పీల్చాలంటే దానికి 2.6 లీటర్ల సైజు కావాలి. రోటరీ మానిఫోల్డ్ తయారు చేసేవాళ్లు 1.3 లీటర్ అనే పేరు చూసి రన్నర్ల (మానిఫోల్డ్ గొట్టాల) సైజు పెడితే అక్కడే దెబ్బతింటారు.

మూసుకునే క్షణం

గాలి లోపలికి రావడంలో పోర్ట్ తెరుచుకునే క్షణం కంటే మూసుకునే క్షణమే ఎక్కువ తేడా తెస్తుంది. గది సైజు గరిష్ఠానికి చేరాక మళ్లీ కుంచించుకోవడం మొదలవుతుంది. అప్పటికీ పోర్ట్ తెరిచే ఉంటే రెండు రకాలుగా జరగొచ్చు.

ఆర్పీఎం తక్కువగా ఉంటే, వచ్చిన గాలిలో కొంత వెనక్కి మానిఫోల్డ్‌లోకి పోతుంది. అందాకా పీల్చిన శ్రమలో కొంత వృథా. ఆర్పీఎం ఎక్కువగా ఉంటే కథ వేరు. రన్నర్‌లో వేగం పుంజుకున్న గాలికి బరువుంది, ఊపుంది. గది కుంచించుకోవడం మొదలైనా ఆ ఊపు వెంటనే ఆగదు. నిండు బస్సులోకి వెనక నుంచి తోసుకొచ్చే జనంలా ఇంకాస్త గాలి లోపలికి దూరుతూనే ఉంటుంది. పోర్ట్ ఆలస్యంగా మూసుకుంటే ఆ అదనపు గాలి దక్కుతుంది, ముందే మూసుకుంటే దక్కదు.

కాబట్టి తక్కువ ఆర్పీఎంకు పోర్ట్ తొందరగా మూసుకోవాలి, ఎక్కువ ఆర్పీఎంకు ఆలస్యంగా మూసుకోవాలి. ఇనుములో కోసిన ఒక్క రంధ్రం ఈ రెండు పనులూ చేయలేదు. క్యామ్ లేదు కాబట్టి ఇంజిన్ లోపల సర్దుకునే వీలు లేదు. మిగిలింది ఇంజిన్ బయట ఉన్న మానిఫోల్డే. పిస్టన్ ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్ చేసే పనిలో చాలా భాగం రోటరీలో మానిఫోల్డ్ నెత్తిన పడిందని నేను గట్టిగా నమ్ముతాను. మజ్దా ఇంజినీర్లు దశాబ్దాల పాటు చేసిన మార్పులను వరుసగా చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది.

ఆరు రంధ్రాల గుట్టు

రోటరీలో గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ పోర్ట్‌ను రెండు చోట్ల పెట్టొచ్చు. రోటర్ చుట్టూ ఉండే గోడలో పెడితే అది పెరిఫెరల్ పోర్ట్. రోటర్‌కు రెండు పక్కలా ఉండే పలకల్లో పెడితే సైడ్ పోర్ట్. జర్మనీ కంపెనీ ఎన్‌ఎస్‌యూ మొదటి దారి పట్టింది. 1967లో కాస్మో స్పోర్ట్‌తో రంగంలోకి దిగిన మజ్దా రోడ్డు కార్లకు రెండోది ఎంచుకుంది.

సైడ్ పోర్ట్‌తో ఇంజిన్ ఐడిల్‌లో (పెడల్ తొక్కనప్పుడు) నెమ్మదిగా తిరుగుతుంది, ఊళ్లో నడపడానికి బాగుంటుంది. కానీ గాలి పక్క నుంచి వచ్చి లోపల అడ్డంగా మలుపు తిరగాలి. పోర్ట్‌ను ఇష్టమొచ్చినంత పెద్దది చేయడానికీ లేదు. లోపలి వైపు జరిపితే రోటర్ పక్కన ఉండే ఆయిల్ రింగుల దారిలోకి వస్తుంది. బయటి వైపు జరిపితే మూలల్లో గాలి జారకుండా ఆపే కార్నర్ సీల్‌కు ఆనుకోవడానికి లోహం మిగలదు.

అందుకని మజ్దా గాలి దారిని ముక్కలు చేసింది. నడిమి పలకలో చిన్న ప్రైమరీ పోర్టులు, చివరి పలకల్లో సెకండరీ పోర్టులు. కారు నెమ్మదిగా పోతున్నప్పుడు ప్రైమరీలే పని చేస్తాయి. సన్నని దారి కాబట్టి కొంచెం గాలైనా వేగంగా వస్తుంది, పెట్రోల్ తుంపరలు గోడలకు అంటుకోకుండా గాలిలో కలుస్తాయి. పెడల్ బాగా తొక్కితే సెకండరీలు కూడా తెరుచుకుంటాయి.

1980ల మొదట్లో దీనికి మూడో జత చేరింది. అదే ఆగ్జిలరీ పోర్ట్. ఇది సెకండరీ పక్కనే ఉండి, అన్నిటికంటే ఆలస్యంగా మూసుకునేలా కోసిన రంధ్రం. తక్కువ ఆర్పీఎంలో దీన్ని వదిలేస్తే గాలి వెనక్కి తన్నుతుంది. అందుకే ఆ కిటికీ గొట్టం. ఆర్పీఎం పెరిగేదాకా కిటికీ పక్కకు తిరిగి ఉంటుంది, పోర్ట్ లేనట్టే లెక్క. ఇంజిన్ ఊపందుకున్నాక గొట్టం తిరుగుతుంది, మూసుకునే సమయం ఒక్కసారిగా ఆలస్యమవుతుంది. క్యామ్ లేని ఇంజిన్‌కు వేరియబుల్ టైమింగ్ దొరికింది. నా చేతిలో ఉన్న ఆ తేలికపాటి గొట్టం చేసే పని ఇదే.

1980ల మధ్యలో వచ్చిన ఆర్‌ఎక్స్-7లో ఆ గొట్టాన్ని తిప్పేందుకు సైలెన్సర్ వైపు పేరుకునే ఎగ్జాస్ట్ ఒత్తిడినే వాడారు. ఆర్పీఎం పెరిగితే ఆ ఒత్తిడి పెరుగుతుంది, గొట్టాన్ని తిప్పే యాక్చుయేటర్‌ను తోస్తుంది. విడిగా మోటార్ అక్కర్లేదు. తెలివైన ఏర్పాటే, కానీ తర్వాత చాలామంది యజమానులను తిప్పలు పెట్టింది. పవర్ పెరుగుతుందని, పొగకు అడ్డు తక్కువుండే ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ బిగిస్తారు. ఒత్తిడి తగ్గిపోతుంది. గొట్టం తిరగదు. పై ఆర్పీఎంలో కారు మునుపటికంటే నీరసిస్తుంది. డబ్బు పెట్టి తెచ్చుకున్న నీరసమిది. తర్వాతి వెర్షన్‌లో ఎయిర్ పంప్ ఒత్తిడితో తిప్పడం మొదలుపెట్టాక ఈ చిక్కు తీరింది.

గాలిలో అల

మానిఫోల్డ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. రన్నర్‌లో గాలి నీళ్ల గొట్టంలో నీళ్లలా సాఫీగా పారదు. ఒక రోటర్ పోర్ట్ తెరుచుకున్న క్షణాన ఆ గదిలో అంతకుముందు కాలిన పొగ ఇంకా కొంత ఒత్తిడితో మిగిలి ఉంటుంది. అది ఒక్కసారిగా రన్నర్‌లోకి తన్నుతుంది. పొగ ఎక్కువ దూరం రాదు, కానీ ఆ తాకిడి వల్ల పుట్టిన ఒత్తిడి అల ధ్వని వేగంతో రన్నర్ పొడవునా పరుగెడుతుంది. ఈ అలను పనికిమాలినదిగా వదిలేయొచ్చు, లేదా పనిలో పెట్టుకోవచ్చు.

రెండు రోటర్లూ షాఫ్ట్ మీద 180 డిగ్రీల ఎడంతో ఉంటాయి. ఒక రోటర్ పోర్ట్ తెరుచుకున్న కాసేపటికి రెండో రోటర్ పోర్ట్ మూసుకునే సమయం వస్తుంది. లెక్క కోసం పోర్ట్ 32 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందని, గది పూర్తిగా పెరిగాక మరో 40 డిగ్రీలకు మూసుకుంటుందని అనుకుందాం. అంటే తెరిచింది 32 దగ్గర, మూసింది 270కి 40 కలిపి 310 దగ్గర. రెండో రోటర్ 180 డిగ్రీలు వెనక ఉంది కాబట్టి, అది మూసుకునేది మొదటి రోటర్ కొలతలో 490 దగ్గర. ఒక చుట్టు తీసేస్తే 130. ఇటు పోర్ట్ తెరుచుకోవడానికీ, అటు పోర్ట్ మూసుకోవడానికీ మధ్య దాదాపు 100 డిగ్రీలు దొరికాయన్నమాట.

ఆ 100 డిగ్రీల్లో అల మొదటి రోటర్ నుంచి బయల్దేరి, రన్నర్ ఎక్కి, రెండో రన్నర్ దిగి, రెండో రోటర్ పోర్ట్ దగ్గరికి చేరాలి. అది సరిగ్గా మూసుకోబోయే ముందు చేరితే, చివరి క్షణంలో గాలిని లోపలికి ఒక తోపు తోస్తుంది. టర్బో లేకుండానే కొద్దిపాటి సూపర్‌చార్జింగ్, అంటే గాలిని బలవంతంగా దట్టించడం. 6000 ఆర్పీఎంలో 100 డిగ్రీలకు 2.8 మిల్లీసెకన్లు పడుతుంది. ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు పోతుందనుకుంటే, ఆ కాస్త సమయంలో అల దాదాపు ఒక మీటరు పోతుంది. రెండు పోర్టుల మధ్య గాలి దారి ఒక మీటరు ఉంటే 6000 దగ్గర కుదురుతుంది. 4500 దగ్గర కుదరాలంటే 1.3 మీటర్లు కావాలి. 7200 దగ్గరైతే 0.8 మీటర్లు చాలు.

ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే పొడవాటి రన్నర్లు టార్క్‌కు, పొట్టి రన్నర్లు పై పవర్‌కు అని అందరూ చెప్పే మాట ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది. పొడవు పెరిగితే గాలి రాపిడి పెరుగుతుంది కాబట్టి పవర్ తగ్గుతుందని కొందరు అనుకుంటారు. రాపిడి ఉన్నది నిజమే, కానీ అసలు తేడా అల చేరే సమయంలో ఉంది.

ప్లీనం, అంటే రన్నర్లన్నీ కలిసే పెద్ద గది, ఇక్కడే కీలకమవుతుంది. ఒత్తిడి అల ఒక పెద్ద ఖాళీలోకి తెరుచుకుంటే అక్కడ తిరగబడి, తక్కువ ఒత్తిడి అలగా తాను వచ్చిన రన్నర్‌లోకే వెనక్కి పోతుంది. రెండో రోటర్‌కు అందేది కొంచెమే. రెండు రన్నర్ల మధ్య దారి ఇరుకుగా, దగ్గరగా ఉంటే అల ఎక్కువ భాగం అవతలికి దాటుతుంది. ప్లీనం ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుని పెద్ద డబ్బా వెల్డింగ్ చేయించేవాళ్లు తెలియకుండానే ఈ లాభాన్ని పోగొట్టుకుంటారు. మజ్దా ఈ అల పనిని డైనమిక్ ఎఫెక్ట్ ఇన్‌టేక్ అని పిలిచింది. 1989లో వచ్చిన టర్బో లేని ఆర్‌ఎక్స్-7లో ఆ దారి పొడవును నడుస్తుండగానే మార్చే వాల్వును పెట్టింది. అమెరికా లెక్కలో అంతకుముందు 146 హార్స్‌పవర్ ఉన్న ఇంజిన్ 160కి చేరింది. అందులో కంప్రెషన్ పెంచడం, రోటర్లను తేలిక చేయడం కూడా ఉన్నాయి కాబట్టి మొత్తం ఘనత మానిఫోల్డ్‌దే అనడం సరికాదు.

2003లో ఆర్‌ఎక్స్-8తో వచ్చిన రెనెసిస్ ఇంజిన్‌లో ఇవన్నీ ఒక్కచోట చేరాయి. ఎగ్జాస్ట్‌ను కూడా పక్క పలకలోకి మార్చడంతో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం లేకుండా పోయింది. ఆరు పోర్టుల వెర్షన్‌లో సుమారు 3750 ఆర్పీఎం దగ్గర సెకండరీల దారి తెరుచుకుంటుంది. 6250 దగ్గర ఆగ్జిలరీ గొట్టాలు తిరుగుతాయి. 7250 దగ్గర అల దారిని పొట్టి చేసే వాల్వు తెరుచుకుంటుంది. జపాన్‌లో 8500 ఆర్పీఎం దగ్గర 250 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) అని ప్రకటించారు, అదీ టర్బో లేకుండా. ఈ కారు నడిపేవాళ్లకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటుంది. బండి ఏ ఆర్పీఎం దాటాక నీరసిస్తోందో గమనిస్తే సగం రోగం తెలిసినట్టే. 6000 దాకా బాగుండి ఆ తర్వాత చప్పగా అయిపోతే, ఇంజిన్ విప్పే టెన్షన్ పెట్టుకునే ముందు మసి పట్టి బిగుసుకున్న ఆగ్జిలరీ గొట్టాల మీద అనుమానపడాలి.

మలుపులు, మెట్లు, వేడి

చిన్నచిన్న విషయాలు కూడా పవర్ తింటాయి. మానిఫోల్డ్ రంధ్రం, ఇంజిన్ పోర్ట్ కలిసే చోట అంచులు కలవకపోతే గాలికి మెట్టు తగులుతుంది. రన్నర్ పెద్దదై పోర్ట్ చిన్నదైతే గాలి నేరుగా గోడకు కొట్టుకుంటుంది, ఇదే చెడ్డది. రెంటి మధ్య పెట్టే గాస్కెట్‌ను అచ్చులా పెట్టి గీత గీసి రెండు వైపులా సరిచేస్తే ఈ తేడా పోతుంది. రన్నర్ లోపల అద్దంలా మెరిసేలా పాలిష్ పట్టడం మాత్రం కష్టానికి తగ్గ ఫలితం ఇవ్వదు. మలుపు ఎంత మెత్తగా ఉంది, దారి వెడల్పు ఎక్కడైనా హఠాత్తుగా మారుతోందా అన్నవే ముందు చూడాలి.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. గాలి 20 డిగ్రీల నుంచి 50 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు 9 శాతం పడిపోతుంది. నార్టన్ కంపెనీ క్లాసిక్ మోటార్‌సైకిల్‌లో ఇంజిన్ పీల్చే గాలినే ముందు రోటర్ల లోపలి నుంచి పోనిచ్చి వాటిని చల్లబరిచేది. రోటర్లు చల్లబడ్డాయి, గాలి మాత్రం వేడెక్కి ఇంజిన్‌లోకి చేరింది. రేసు బండ్లకు వచ్చేసరికి ఆ చల్లబరిచే గాలిని ఎగ్జాస్ట్ ఊపుతో విడిగా లాగి బయటికి పంపేశారు, ఇంజిన్‌కు చల్లటి గాలి దక్కింది. 1992లో ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టీటీ మోటార్‌సైకిల్ రేసులో స్టీవ్ హిస్లోప్ గెలిచింది నార్టన్ రోటరీ మీదే.

టర్బో ఉంటే మానిఫోల్డ్ ఎలా ఉన్నా ఫర్వాలేదనే మాట వినిపిస్తుంటుంది. నేను ఒప్పుకోను. టర్బో గాలిని తోస్తుంది, కానీ రెండు రోటర్లకూ సమానంగా పంచాల్సింది మానిఫోల్డే. ఒక రోటర్‌కు గాలి ఎక్కువ పోయి పెట్రోల్ రెండింటికీ ఒకే కొలతలో పడితే, ఆ రోటర్‌లో మిశ్రమం పలచబడుతుంది. డెటొనేషన్ వస్తుంది, అంటే మిశ్రమం అదుపు తప్పి పేలుతుంది. ఆ దెబ్బకు రోటర్ కొనల్లో ఉండే అపెక్స్ సీల్ విరిగితే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే.

రేసు ట్రాక్ మీద

ఐడిల్ గురించి దిగులు లేని రేసు ఇంజిన్లకు పెరిఫెరల్ పోర్టే నచ్చుతుంది. గాలి నేరుగా, మలుపు లేకుండా గదిలోకి వస్తుంది. పైగా ఆ పోర్ట్ దాదాపు ఎప్పుడూ మూసుకోదు. అపెక్స్ సీల్ దాటగానే ఒక గది వంతు అయిపోయి ఇంకో గది వంతు మొదలవుతుంది. సైడ్ పోర్ట్‌లో ప్రతి చుట్టుకూ కొద్దిసేపు ఆగే గాలి ఇక్కడ ఆగకుండా వస్తూనే ఉంటుంది. అయితే ఎగ్జాస్ట్‌తో కలిసి తెరిచి ఉండే సమయం చాలా ఎక్కువ. తక్కువ ఆర్పీఎంలో పొగ వెనక్కి కలుస్తుంది, ఇంజిన్ తడబడుతుంది. ఆగ్జిలరీ గొట్టం పెట్టడానికీ వీల్లేదు, ఉన్నది ఒకటే పోర్ట్. ఇక మార్చగలిగింది పొడవు ఒక్కటే.

మజ్దా 787బి రేసు కారులోని ఆర్26బి ఇంజిన్‌లో చేసింది అదే. నాలుగు రోటర్లు, 2616 సీసీ, 9000 ఆర్పీఎం దగ్గర సుమారు 700 హార్స్‌పవర్. ఒక్కో రోటర్‌కు ఒక్కో ట్రంపెట్ (బూరలాంటి గాలి గొట్టం) ఉంది. ఆ ట్రంపెట్లు టెలిస్కోప్ గొట్టాల్లా ఒకదానిలోంచి ఒకటి జరుగుతాయి. ఆర్పీఎం పెరిగేకొద్దీ పొట్టిగా, తగ్గేకొద్దీ పొడవుగా. రోడ్డు కార్లలోలా మెట్లు మెట్లుగా మారడం లేదు, పొడవు ఎప్పటికప్పుడు సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. 6000కు ఒక పొడవు, 7200కు ఒక పొడవు అని మనం పైన వేసిన లెక్కలాంటిదాన్ని ఈ ఇంజిన్ ప్రతి క్షణం వేసుకుంటూ తిరిగిందన్నమాట.

దాని ఫలితం పై పవర్‌లో కంటే మధ్య ఆర్పీఎంలో ఎక్కువ కనిపించింది. ఆ కారు దిగిన 24 గంటల రేసులో ఇంధనానికి పరిమితి ఉండేది. మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు ఇంజిన్ తక్కువ ఆర్పీఎంలోనే గట్టిగా లాగితే డ్రైవర్ ప్రతిసారీ గరిష్ఠ ఆర్పీఎం గీతదాకా తిప్పాల్సిన పని ఉండదు, పెట్రోల్ మిగులుతుంది. 1991 జూన్‌లో ఫ్రాన్స్‌లోని ల మాన్‌లో జరిగిన ఆ రేసులో ఫోల్కర్ వైడ్లర్, జానీ హెర్బర్ట్, బెర్ట్రాండ్ గాషో నడిపిన 55వ నంబర్ కారు 362 ల్యాప్‌లు పూర్తి చేసి గెలిచింది. ఆ 24 గంటలూ నాలుగు ట్రంపెట్లు ప్రతి గేరు మార్పుకూ ముడుచుకుంటూ, సాగుతూనే ఉన్నాయి.